కర్రలు పాతాం సరే, పిట్టకు గూడెక్కడ?



కంది చేలో పక్షి స్థావరాలు పెట్టారా అని అడిగితే మనలో దాదాపు అందరూ చెయ్యెత్తుతారు. ఎకరాకు పదో ఇరవయ్యో 'టీ' ఆకారం కర్రలు పాతడం శిక్షణలో మొదటి రోజుల్లోనే నేర్చుకున్న పాఠం. పాతుతాం, ఫోటో తీసి గ్రూపులో పెడతాం. మంచిదే. కానీ ఆ కర్ర మీద వాలాల్సిన పిట్ట రాత్రి ఎక్కడ పడుకుంటుంది? గుడ్లు ఎక్కడ పెడుతుంది? చేలో పంటే లేని నెలల్లో ఏం తిని బతుకుతుంది? ఇలా అడిగితే చెయ్యెత్తేవాళ్లు తగ్గిపోతారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మందు మానేస్తే పిట్టలు వాటంతట అవే వచ్చేస్తాయి అనేది సగం నిజం. మిగతా సగం గట్ల మీద, ముళ్ల పొదల్లో, వంక ఒడ్డున, ఎండిన మాను తొర్రలో ఉంది. ఆ సగాన్ని జేసీబీలు ఊడ్చేస్తున్నాయి. ఊడ్పిస్తున్నవాళ్లలో మన ప్రకృతి వ్యవసాయం వాళ్లూ తక్కువేం లేరు.

సంక్రాంతికి వారం ముందు ఒక రోజంతా మా ఊరి పొలాల్లో పిట్టల్ని చూస్తూ నడిచాం. నేను, మా చిన్నాయన, ఇంటర్ చదివే మా అన్న కొడుకు. వాడు తీసిన వీడియో మీరు చూసే ఉంటారు. అందులో పిట్టలు కనిపిస్తాయి గానీ, సాయంత్రం లెక్క వేసుకున్నాక మాకు అర్థమైన సంగతి కనిపించదు. అది రాద్దామనే ఈ నాలుగు మాటలు.

నాలుగు గళ్ల పుస్తకం

మా ఊరు హిందూపురం వైపు, కర్ణాటక సరిహద్దుకు దగ్గర. ఎర్రనేల, అక్కడక్కడ గుట్టలు, ఒక చెరువు, అందులోకి దిగే వంక. వేరుశనగ, రాగి, కంది, మొక్కజొన్న, మల్బరీ. వాన పడితే పంట, లేకపోతే బోరు దయ.

నోటు పుస్తకంలో నాలుగు గళ్లు గీసుకున్నాం. ఏ పిట్ట, ఎన్ని, ఏం చేస్తోంది, దేని మీద ఉంది. మొదటి మూడూ అందరూ రాసేవే. నాలుగో గడి మా పిల్లోడి ఆలోచన. రోజు చివరికి అన్నిటికన్నా ఎక్కువ చెప్పింది ఆ గడే.

ఆరుంబావుకి చెరువు కట్ట మీద మొదలుపెట్టాం. నీళ్లలో బుడబుంగలు మునుగుతూ తేలుతూ ఉన్నాయి. నీటికాకులు రాళ్ల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. తూము దగ్గర లకుముకి పిట్ట ఒకటి. కట్ట దిగి రాగి కోసిన మళ్లలోకి వచ్చేసరికి ఎండ పొడిచింది. ఆవులు మేస్తుంటే కాళ్ల మధ్య పశువుల కొంగలు తిరుగుతున్నాయి. గడ్డిలోంచి లేచిన మిడతను లేచినట్టే పట్టేస్తున్నాయి. గోరింకలు పేడ తిరగేస్తున్నాయి. చలికాలం ఉత్తరం నుంచి వచ్చే జిట్టంగులు తోక ఊపుకుంటూ నడుస్తున్నాయి. కొయ్యకాళ్లు కాల్చకుండా, వెంటనే దున్నకుండా వదిలిన మడి అది. పక్కనే దున్నేసిన మడిలో రెండు కాకులు తప్ప ఏమీ లేవు.

ఎనిమిదికి మా మిత్రుడి కంది చేలోకి వెళ్లాం. ఐదేళ్లుగా మందు ముట్టని రైతు. మూడెకరాల్లో జీవామృతం, కషాయాలు, నవధాన్యాలు అన్నీ పద్ధతి ప్రకారమే. కర్రలు కూడా లెక్క ప్రకారం పాతాడు. కానీ చేను చుట్టూ గెనిమలు (మా వైపు గట్టును గెనిమ అంటాం) అద్దంలా చెక్కేసి ఉన్నాయి. ఒక పొద లేదు, ఒక చెట్టు లేదు. రాతి కూసాలు, తీగ కంచె. అరగంటలో అక్కడ కనిపించినవి ఏడు రకాలు. కర్రల మీద రెండు ఏట్రింతలు. తోక చీలిన నల్ల పిట్ట, కొన్ని చోట్ల పసులపోలిగాడు అంటారే, అదే. తీగ మీద ఒక పాలపిట్ట, నాలుగు పసిరిక పిట్టలు. మిగతావి గోరింకలు, గువ్వలు, కాకులు, పైన తిరిగే ఒక గద్ద.

ఆ ఏట్రింతలు పని చేస్తుంటే చూడాలి మిత్రులారా. కర్ర మీంచి జారడం, కంది కొమ్మ మీంచి పురుగును లాక్కోవడం, మళ్లీ అదే కర్ర మీదికి. పది నిమిషాల్లో ఒక పిట్ట పదకొండు సార్లు దిగింది. మా చిన్నాయన నిలబడి చూసి, "కూలీ అడగని కూలోడు ఇదేనప్పా" అన్నాడు.

తొమ్మిదిన్నరకు రెండూ లేచిపోయాయి. ఎటు పోతున్నాయో చూద్దామని పిల్లోడు వెంట నడిచాడు. పక్క చేను గెనిమ మీది పెద్ద తుమ్మ చెట్టు ఎక్కాయి. ఆ చెట్టులోనే పోయిన ఏటి గూడు కూడా ఉంది. తిండి ఈ చేలో, ఇల్లు ఆ చేలో అన్నమాట.

ఆ పక్క చేను మా చిన్నాయనది. ఆయన ఇప్పటికీ మందులు కొడతాడు.

మందు కొట్టే చేను, పిట్టలుండే గెనిమ

ఆ గెనిమ నూటయాభై మీటర్ల పొడవుంటుంది. చిన్నాయన వాళ్ల నాయన కాలంలో పశువులు రాకుండా వదిలిన కంచె. తుమ్మ, కానుగ, వేప, రేగు, కలివి పొద, సీతాఫలం, వావిలి, కిత్తలి. మధ్యలో ఒక మోడువారిన చింత. అరగంట కూర్చుంటే పందొమ్మిది రకాలు లెక్క తేలాయి. చింత తొర్రలో పైడికంటి గుడ్లగూబ జంట. రేగు పొదలో జెముడు కాకి. కలివి కింద కౌజు పిట్టలు. పికిలి పిట్టలు, రామచిలుకలు, మొగలి పొదలో దాక్కున్నట్టు ముళ్లలో దాక్కున్న బుల్లి బుల్లి పిట్టలు. నెత్తిన కిరీటం విప్పుకుంటూ గెనిమ మీద మట్టి పొడుస్తున్న కూకుడు గువ్వ ఒకటి.

ఒక్క రోజు, ఒక్క ఊరు. దీన్ని పట్టుకుని పెద్ద సూత్రాలు చెప్పను. మందు వాడితే పిట్టలకు మంచిది అని దీని అర్థం అస్సలు కాదు. చిన్నాయన చేలో లోపలికి అడుగు పెడితే నిశ్శబ్దమే. పిట్టలన్నీ గెనిమ మీదే. కార్బోఫ్యూరాన్ గుళికలను గింజలనుకుని తిని పిట్టలు చచ్చిన సంగతి ప్రపంచమంతా తెలిసిందే. 1995-96లో అర్జెంటీనాలో మిడతలకు మోనోక్రోటోఫాస్ కొడితే, ఆ మిడతల్ని తిన్న గద్దలు వేల సంఖ్యలో రాలిపోయాయి. కాబట్టి మందు మానడం మొదటి మెట్టే, సందేహం లేదు. నేను చెప్పేది ఆ మెట్టు మీదే ఆగిపోతున్నాం అని.

సాయంత్రానికి మొత్తం 43 రకాలు తేలాయి. నాలుగో గడి చూస్తే, మనం పాతిన కర్రల మీద కనిపించినవి నాలుగు రకాలు. మిగతావి చెట్ల మీద, పొదల్లో, నీళ్ల దగ్గర, వంక గోడల్లో, కరెంటు తీగల మీద, గుట్ట కింది బోడి నేల మీద. అంటే పిట్టకు మన చేను హోటలు లాంటిది. ఇల్లు మాత్రం మనం 'పనికిరాదు' అని పేరు పెట్టిన చోట ఉంది.

ఒక్కో పిట్టకు ఒక్కో ఇల్లు

దీన్ని కాస్త వివరంగా చూద్దాం, ఎందుకంటే మన మిత్ర పక్షులు అన్నీ ఒకే రకం ఇంట్లో ఉండవు.

పాలపిట్ట గూడు అల్లదు. ఎండిన తాటి మొండెంలోనో, పాత చెట్టు తొర్రలోనో గుడ్లు పెడుతుంది. ఎండిన మాను కొట్టేసి పొయ్యిలో పెడితే దాని ఇల్లు పోయినట్టే. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని వెతుక్కుంటూ పోతాం. తెలంగాణకు అది రాష్ట్ర పక్షి. 2018లో రామచిలుకను ఎంచుకునే దాకా మన ఆంధ్రప్రదేశ్‌కూ అదే. ఆ పిట్ట రోజూ తినేది మిడతలు, పెంకు పురుగులు. 2023లో వచ్చిన దేశ పక్షుల స్థితి నివేదిక 942 రకాలను పరిశీలించి, 178 రకాల మీద వెంటనే శ్రద్ధ పెట్టాలని చెప్పింది. తగ్గిపోతున్న వాటిలో మన పాలపిట్ట ఉంది. ఆ నివేదికకు ఆధారం దేశమంతా మామూలు మనుషులు రాసి పంపిన పిట్టల లెక్కలే.

పసిరిక పిట్ట మట్టి గోడలో సొరంగం తవ్వుకుంటుంది. మధ్యాహ్నం వంకలో సంగటి, ఊరిమిండి తిన్నచోట ఎదురు ఒడ్డున అలాంటి బొక్కలు పదిహేను లెక్కపెట్టాం. వంక ఒడ్డును ఏటవాలుగా చదును చేసినా, మట్టి తోలుకుపోయినా అవి ఉండవు. కూకుడు గువ్వ చెట్టు తొర్రలోనో, పాత గోడ సందులోనో ఉంటుంది. పొడుగాటి ముక్కు నేలలో గుచ్చి లద్దెల్ని, కోశస్థ దశలో ఉన్నవాటిని బయటికి లాగుతుంది. వేరుశనగలో వేరుపురుగుతో అవస్థ పడినవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. జెముడు కాకికి చిక్కటి పొద కావాలి. తీతువుకు దానికి పూర్తి విరుద్ధం, గులకరాళ్ల బోడి నేల కావాలి. గిజిగాడు బావి మీదికి వంగిన ముళ్ల చెట్టుకు గూళ్లు వేలాడదీస్తుంది. పెద్దవి గింజలు తిన్నా, పిల్లలకు పురుగులే తెచ్చి పెడతాయి. పిచ్చుక కూడా అంతే.

ఇక ఏట్రింత. దాని గూడున్న చెట్టులోనే చిన్న పిట్టలు కూడా గూళ్లు పెడతాయి. ఎందుకంటే కాకి వచ్చినా గద్ద వచ్చినా అది తరిమి తరిమి కొడుతుంది. ఒక తుమ్మ చెట్టు కొట్టేస్తే పోయేది ఒక్క గూడు కాదు, ఒక వీధి.

సాయంత్రం గుట్ట కింద గడ్డి భూమిలో గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, ఎలుక మీదికి జారే తెల్లటి గద్దను చూశాం. పెద్దలు దాన్ని అడవి రామదాసు అంటారు. రెవెన్యూ లెక్కల్లో అది బంజరు. మన రాయలసీమ వాళ్లకు బంజరు విలువ చెప్పడానికి ఒక పిట్ట చాలు: కలివి కోడి. కలివి పొదల పేరే దాని పేరు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో, స్థానికుల సాయంతో మళ్లీ దొరికింది. అది ఉన్నది మహారణ్యంలో కాదు, మనం కంప అని తీసిపారేసే ముళ్ల పొదల నేలలో.

పురుగులు తింటాయి అనేది నమ్మకం కాదు, లెక్క

ఈ మాటలు పట్నం వాళ్ల ముచ్చట్లలా అనిపిస్తే, వ్యవసాయ శాస్త్రం ఏం చేసిందో చూడండి. 1912లోనే బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి, మన దేశపు పక్షులు ఏం తింటాయి అనే విషయం మీద ఒక పెద్ద గ్రంథం వచ్చింది. రాసినవారు మేసన్, మాక్స్‌వెల్ లెఫ్రాయ్. పిట్టల కడుపులు కోసి, లోపల ఉన్న గింజల్ని, పురుగుల్ని విడివిడిగా లెక్కపెట్టి, ఏ పిట్ట రైతుకు మేలు, ఏది కీడు అని తేల్చే పని అది. వందేళ్లు దాటింది. మనం ఇంకా 'పిట్టలు వస్తే మంచిదంట' దగ్గరే ఉన్నాం.

చలికాలంలో గుంపులు గుంపులుగా వచ్చి జొన్న మీద పడే గులాబీ రంగు గోరింకలు తెలుసు కదా. మన రైతులు వాటిని తిడతారు. అదే పిట్టను చైనాలోని షిన్‌జియాంగ్‌లో గడ్డి భూముల వాళ్లు రాళ్ల కుప్పలు కట్టి మరీ పిలుచుకుంటారు. ఆ రాళ్ల సందుల్లో అవి గూళ్లు పెడతాయి, పిల్లల కోసం మిడతల్ని పట్టుకుపోతాయి. ఇజ్రాయెల్‌లో సేంద్రియ సేద్యం చేసే స్దే ఎలియాహు అనే సమష్టి గ్రామం 1983 నుంచి పొలాల్లో గుడ్లగూబలకు చెక్క పెట్టెలు కడుతోంది. ఎలుకల మందు తగ్గించడానికి. గుడ్లగూబ ఇంటి మీద వాలితే అరిష్టం అని రాళ్లేసి కొట్టే మనం, ఎలుకలకు విషం పెట్టి ఆ విషం తిన్న ఎలుకను తినిపించి గుడ్లగూబను కూడా చంపుతున్నాం.

ఈ రెండు చోట్లా చేసింది గమనించండి. వాలడానికి కర్ర మాత్రమే కాదు, ఉండడానికి ఇల్లు ఇచ్చారు.

మరి పంట తినే పిట్టల సంగతి?

ఇది దాటేస్తే ఈ రాత అబద్ధమవుతుంది. రామచిలుకలు పొద్దుతిరుగుడును, జొన్నను ఎలా పాడు చేస్తాయో అందరికీ తెలుసు. నెమళ్లు వేరుశనగ మొలకల్ని పెరికేస్తాయి, టమాటా పొడిచేస్తాయి. ఇందాక చెప్పిన నివేదికలోనే నెమలి పెరుగుతున్న పక్షి అని ఉంది. మా చిన్నాయన గెనిమ మీద నిలబడి నన్ను అడిగిన మాట ఇది: "కంపలో పందులు పండుకుంటాండాయి. నెమళ్లు సెనక్కాయ పెరికేస్తాండాయి. నీ పిట్టల కోసం నా పంట నేను ఒదులుకోవాల్నా?"

ఆ ప్రశ్నకు 'పిట్టలు అందంగా ఉంటాయి' అని జవాబు చెప్పలేం. నష్టపోయేవాడికి లెక్కే చెప్పాలి.

ముందు, కాలం చూడాలి. ఒకే పిట్ట ఒక నెల నేస్తం, ఇంకో నెల దొంగ. కర్రలు పూత, పిందె, పురుగు దశలో ఉంచి, జొన్న, సజ్జ, వరి లాంటి పంటలు పాలు పోసుకునే వేళకు పీకేయాలి. లేకపోతే గింజ తినేవాటికి మనమే కుర్చీ వేసినట్టు. విత్తనాలను బంకమట్టి, ఘనజీవామృతం, బూడిదతో గుళికలు చేసి చల్లితే పిట్టలు, చీమలు తినేది తగ్గుతుంది. మనకు తెలిసిన పద్ధతే, వానలకు ముందు నవధాన్యాలు పొడి దుక్కిలో చల్లేటప్పుడు చేస్తున్నదే. సజ్జలో కంకికి మీసాలున్న రకాలను పిట్టలు తక్కువ ముడతాయి. పక్క పక్క రైతులు ఒకేసారి విత్తితే నష్టం అందరికీ పంచబడుతుంది. ఊరంతటికీ ఒక్కడే జొన్న వేస్తే, ఊరి చిలకలన్నీ వాడి మీదే. మంచె, డప్పు, మెరిసే రిబ్బన్లు ఉండనే ఉన్నాయి. ఏ ఒక్కటీ పూర్తిగా ఆపదు. వారం వారం మారుస్తూ పోతే పనిచేస్తాయి.

వలల గురించి మాత్రం గట్టిగా చెబుతాను. సన్నటి నైలాన్ వలలు, కంటికి ఆననివి, సేంద్రియ తోటల చుట్టూ కూడా వేలాడుతున్నాయి. వాటిలో చిలక ఒక్కటే పడదు. రాత్రి గుడ్లగూబ పడుతుంది, ఏట్రింత పడుతుంది, ఎలుకల కోసం వచ్చిన జెర్రిపోతు పడుతుంది. ఎవరూ తీయరు, అలాగే ఎండిపోతాయి. 1972 వన్యప్రాణి చట్టం సంగతి అలా ఉంచండి. 'విషం లేని పంట' అని రాసి అమ్మే సంచిలోకి అలాంటి వల వెనక పండిన కాయ వెళ్లడం సరైందేనా? నా దృష్టిలో కాదు. చిన్న పందిరికి గట్టిగా లాగి కట్టిన, కంటికి కనిపించే మందపాటి వల వేరు, వదులుగా వేలాడే ఉచ్చు వేరు. రెండోదాన్ని మన మధ్య నుంచి మనమే తీసేయాలి.

పందుల విషయంలో చిన్నాయన చెప్పింది నిజమే. కానీ నడిచి చూస్తే, పందుల పడకలు, దారులు అన్నీ గెనిమకు ఒక చివర అల్లుకున్న సర్కారు కంపలో ఉన్నాయి. కలివి, రేగు, కానుగ ఉన్న భాగంలో కింద ఖాళీగానే ఉంది. సర్కారు కంప మన నేలది కాదు, తెచ్చి పెట్టింది. దాన్ని వేళ్లతో సహా తీసేయడానికి నాకు అభ్యంతరం లేదు. జేసీబీ మనిషికి ఈ తేడా తెలియదు. ఆయనకు గంటకు ఇంత. అన్నీ కంపలే.

గట్టు ఖర్చు ఎవరిది?

ఇక్కడే అసలు పేచీ ఉంది. పండగ అయ్యాక చిన్నాయన ఆ గెనిమను జేసీబీతో శుభ్రం చేయించి తీగ కంచె వేయించాలనుకున్నాడు. ఆయన భూమి, ఆయన ఇష్టం. కానీ ఆ గెనిమ పోతే ముందుగా నష్టపోయేది ఎవరు? మందు కొట్టుకోగల చిన్నాయన కాదు. మందు కొట్టని మా మిత్రుడు. అతని కర్రల మీద వాలే ఏట్రింతలు ఉండేది ఆ తుమ్మ మీదే. పక్కవాడి గట్టు మీద బతికే పిట్టలతో మన పంట కాపాడుకుంటూ, ఆ గట్టు వల్ల వచ్చే నీడ, పందులు, నష్టం మాత్రం పక్కవాడికి వదిలేయడం న్యాయమా?

కాదు అనేది నా గట్టి అభిప్రాయం. అందుకే మిత్రుణ్ని కూడా పిలిచి అక్కడే మాట్లాడాం. సర్కారు కంప తీయించే ఖర్చు మిత్రుడు సగం పెట్టుకుంటాడు. కంచె కూసాలు పొదలకు లోపలి వైపు పడతాయి, ఎనిమిది అడుగుల వెడల్పు గెనిమ అలాగే ఉంటుంది. చేలోకి వంగిన కొమ్మలు ఏటా నరుక్కోవచ్చు, ఆ ఆకు మిత్రుడు కషాయాలకు తీసుకుంటాడు. వేప, కానుగ, సీతాఫలం, వావిలి అన్నీ అక్కడే ఉన్నాయి మరి! గట్లు చెక్కేసుకుని దశపర్ణికి ఆకుల కోసం బండేసుకుని ఊళ్లు తిరిగే మనవాళ్లను ఎంతమందిని చూడలేదు?

ఉంచాల్సిన చెట్లకు పిల్లోడు సున్నం బొట్లు పెట్టాడు. చిన్నాయన ఔననలేదు, కాదనలేదు. "పండగ పోనీ, చూద్దాంలేప్పా" అన్నాడు. ప్రస్తుతానికి అంతే. జేసీబీ మాత్రం ఇంకా రాలేదు.

ఇది పెద్ద ఆదర్శమేమీ కాదు. మా జిల్లాలోనే చిలమత్తూరు మండలం వీరాపురంలో ఊరి మధ్య చింత చెట్ల మీద ఏటా ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అంటారు గానీ, ఆ పక్షి మన ఉపఖండానిదే. వాసన ఉంటుంది, గోల ఉంటుంది, రెట్ట మీద పడుతుంది. అయినా ఆ ఊరివాళ్లు చెట్లు కొట్టరు, పిట్టల్ని కొట్టనివ్వరు. తమిళనాడులోని వేడంతాంగల్‌లో రెండు వందల ఏళ్ల కిందటే రైతులు తమ చెరువులోని పక్షుల్ని ఎవరూ కాల్చకుండా అప్పటి కలెక్టరు దగ్గర హామీ తెచ్చుకున్నారు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు మళ్లకు ఎరువని వాళ్లకు తెలుసు. వాళ్లు ప్రకృతి వ్యవసాయం అనే పేరు వినలేదు. పని మాత్రం చేశారు.

మీరు చేయగలిగింది

వచ్చే సీజనుకు ముందు ఒక రోజు తీయండి. బైనాక్యులర్ లేకపోయినా పర్లేదు. పొద్దున ఆరు నుంచి పది దాకా, మళ్లీ నాలుగు నుంచి చీకటి పడేదాకా మీ చేను, పక్క చేలు, వంక, చెరువు నడవండి. నాలుగు గళ్లు రాయండి. పేరు తెలియకపోతే రంగు, తోక రాయండి, పెద్దవాళ్లను అడగండి. మీ ఊరి పేరే అసలు పేరు. ఫోనులో మెర్లిన్ అనే ఉచిత యాప్ కూత విని పిట్టను గుర్తుపట్టడానికి సాయపడుతుంది. ఈబర్డ్‌లో నమోదు చేస్తే మీ లెక్క దేశం లెక్కలో చేరుతుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పిట్టల్ని లెక్కపెడతారు, అప్పుడు ఊళ్లో పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లండి.

గట్టు మీద ఏదైనా కొట్టే ముందు, అది ఎవరి ఇల్లో చూడండి. ఎండిన మాను మనిషి మీద పడే ప్రమాదం లేకపోతే ఉండనివ్వండి. సర్కారు కంప తీయండి, నాటు పొద ఉంచండి. చేనుకు ఒక వైపైనా ఎనిమిది అడుగుల గట్టు వదలండి. గూళ్లు పెట్టే నెలల్లో గట్ల జోలికి పోకండి. పక్క రైతు గట్టు మీకు ఉపయోగపడుతుంటే, వెళ్లి ఆ మాట ఆయనకు చెప్పండి, ఖర్చులో చెయ్యి కలపండి.

మీ లెక్క రాశాక నాలుగో గడిని ఒకసారి చదవండి. ఎన్ని పిట్టలు కర్రల మీద, ఎన్ని గట్ల మీద ఉన్నాయో చూసుకుని, జేసీబీ వాడికి ఆ తర్వాత ఫోను చేయాలో వద్దో మీరే నిర్ణయించుకోండి.